వారెన్ పెల్కీ గొంతు

వారెన్ పెల్కీ అనే కెనడా నటుడు ప్రొద్దుటూరులో కూరగాయలమ్మేవాళ్ళకు కూడా తెలుసు. పేరు చెబితే తెల్లమొహం వేస్తారు. "బోడిగుండు తెల్లోడు, మన మాట మాట్లాడేటోడు" అంటే ఠక్కున గుర్తుపడతారు. నిజానికి ఆయనకు మన మాట ఒక్క ముక్క రాదు. టీవీలో ఆయన నోరు కదులుతుంటే వినిపించే గొంతు మా అన్న తిమోతిది.

ఈ సంగతి నేను చెప్పుకోని చోటు లేదు. పెళ్ళిళ్ళలో చెప్పాను, బస్సుల్లో పక్కసీటు వాళ్ళకు చెప్పాను, జమ్మలమడుగు బడిలో నా దగ్గర చదివిన ప్రతి పిల్లకూ చెప్పాను. అడిగినా చెప్పాను, అడగకపోయినా చెప్పాను. ఇప్పుడు అవన్నీ గుర్తొస్తే తల కొట్టేసినట్టుగా ఉంటుంది.

పెల్కీ ఆ దేశంలో గోధుమలు పండే ఒక పల్లెలో పుట్టాడు. ట్రాక్టరు తోలాడు, గ్యారేజీలో పనిచేశాడు, ఊరి నాటకాల్లో వేషాలు కట్టాడు. ముప్ఫై దాటాక టీవీలోకి వచ్చాడు. వస్తే ఏమొచ్చింది, చాలా ఏళ్ళు ఆయన పని చావడమే. మంచులో పోలీసులు దొంగల్ని తరిమే సీరియల్ ఒకటుంది. అందులోనే వేరువేరు పేర్లతో, వేరువేరు మీసాలతో చాలాసార్లు చచ్చాడట. తర్వాత జుట్టు ఊడిపోయింది. గుండు చేయించుకున్నాడు. అదే కలిసొచ్చింది. చచ్చేవాడు కాస్తా చంపేవాడయ్యాడు.

మా అన్న కథా ఇంచుమించు అట్లాగే నడిచింది. చర్చిలో క్రిస్మస్ నాటకం వేస్తే పసిపిల్లల్ని చంపించే హేరోదు రాజు వేషం అన్నదే. చిన్నపిల్లలు జడుసుకుని తల్లుల కొంగుల్లో దూరేవాళ్ళు. ఆ గొంతు పట్టుకుని హైదరాబాదు పోయాడు. మొదట్లో డబ్బింగ్ థియేటర్లలో గుంపు అరుపులు అరిచాడు. పోలీసుస్టేషన్ సీన్లలో వెనక వినిపించే దగ్గులూ తుమ్ములూ కూడా వాడివేనట. ఒక చానల్ ఇంగ్లీషు సీరియళ్ళను తెలుగు చేయడం మొదలుపెట్టినప్పుడు పెల్కీ వీడి వంతుకొచ్చాడు.

డబ్బింగ్ ఇన్‌చార్జి భీమవరం వైపు మనిషి. "విలన్ కదా, మీ సీమ యాసలో లాగించెయ్" అన్నాడట. మంచుదేశంలో పుట్టినవాడికి మా పెన్న ఒడ్డు మాట ఎందుకయ్యా అంటే, వాడు చంపుతాడు కాబట్టి. దీనికి నేను మండిపడవలసింది. మండిపడలేదు. మా మాట టీవీలో వస్తోందని మురిసిపోయాను.

పెల్కీకి తెలుగునాట పేరు తెచ్చిన సీను ఒకటుంది. ఒక మనిషిని చంపడానికి వస్తాడు. ఆ మనిషి రోడ్డు పక్క హోటల్లో తింటుంటాడు. పెల్కీ వచ్చి వాడికి ఎదురుగా, మనకు వీపు పెట్టి కూర్చుంటాడు. ఇంగ్లీషులో అక్కడ మాటే లేదు, ఊరికే కూర్చుంటాడంతే. డబ్బింగులో మనిషి మొహం కనపడుతున్నంతసేపు పెదాలకు మాట అతకాలి. వీపు తిప్పాడంటే ఏం మాటైనా పెట్టుకోవచ్చు. "మరీ చప్పగా ఉంది, ఏదో ఒకటి పడెయ్ తిమోతీ" అన్నాడట ఇన్‌చార్జి. అన్న పడేశాడు.

"తినప్పా, నిదానంగా తిను. వదినా, ఇంకో గరిటె ఎయ్యి. కడుపు మాడ్చి పంపిస్తే ఆ పాపం మనకు తగుల్తాది."

వదినా అన్నది కాఫీ పోస్తున్న ఆ హోటలు పిల్లను. గౌను వేసుకున్న తెల్లపిల్ల మా పెల్కీకి వదిన! థియేటర్లో అందరూ పడీపడీ నవ్వారట. సీరియల్ వచ్చాక కుర్రాళ్ళు ఆ మాటను సెల్‌ఫోన్లలో పెట్టుకున్నారు. కెనడాలో పెల్కీ ఏ వేషం వేసినా, తెలుగులో ఎక్కడో ఒకచోట ఆ మాట అనాల్సిందే. పాపం ఆయనకేం తెలుసు. ఇంటర్వ్యూల్లో మెత్తగా మాట్లాడతాడు. పెరట్లో టమాటాలు పండించుకుంటాడు. మా అమ్మ దీవెనమ్మ పోయేదాకా కుటుంబ ప్రార్థనలో ఆయన పేరు చేర్చేది. "ప్రభువా, ఆ గుండాయనకు మంచి వేషం ఇయ్యి" అని.

అమ్మ పోయాక ఇచ్చాడు. పెల్కీకి అరవై దగ్గరపడ్డాక, తప్పిపోయిన కొడుకును ఊరూరా వెతుక్కునే తండ్రి వేషం వచ్చింది. ఆ సినిమాకు అక్కడ అవార్డు కూడా ఇచ్చారు. అన్న ఎగిరి గంతేశాడు. ఇన్‌చార్జి ఫోన్ చేసి, "ఈసారి మంచివాడి వేషం తిమోతీ, యాస వద్దు, మామూలు తెలుగు చాలు" అన్నాడట. దానికీ నవ్వుకున్నాం.

ఆ సినిమాకు గొంతు ఇవ్వడానికి ముందే ఎన్నికలొచ్చాయి. మా నాయన సాలోమోను సంగతి ఇక్కడ చెప్పాలి. ఆయన మా వైపు ఫ్యాక్షన్ నాయకుడు తిమ్మారెడ్డి మనిషి. రెడ్డి ఎక్కడికి వెళ్ళినా ముందు జీపులో కూర్చునేవాడు. మాకు తెలిసింది అంతే. నిజం చెప్పాలంటే మేము తెలుసుకోవాలనుకున్నదీ అంతే. ఆయన కడప జైల్లో ఉన్న రోజుల్లో "మీ నాయన కేసులో పోయినాడు" అనేది అమ్మ, ఊరికి పోయినట్టు. తర్వాత రాజీ అయింది. కొట్టుకున్న రెండు వర్గాలూ ఒకే పార్టీలో చేరాయి. చచ్చినవాళ్ళు మాత్రం ఎవరి పార్టీలో వాళ్ళు ఉండిపోయారు. నాయన చర్చికి రావడం మొదలుపెట్టి సంఘపెద్ద అయ్యాడు. ఆదివారం లేఖనం చదివేది ఆయనే. ఆ గొంతుకు స్తంభాలు మోగేవి.

ఈసారి తిమ్మారెడ్డి కొడుకు పోటీలో ఉన్నాడు. అవతలి పార్టీకి సినిమా హీరోలు దొరికారు. వీళ్ళకు పెల్కీ దొరికాడు, అదీ సగమే. ప్రొద్దుటూరులో షామియానా వేసి 'సీమ గొంతుకు సన్మానం' అని బ్యానరు కట్టారు. వేదిక మీద రెడ్డి కొడుకు, అన్న, శాలువా కప్పుకున్న నాయన. నేను కింద ఆడవాళ్ళ కుర్చీల్లో ముందు వరసలో కూర్చున్నాను. పట్టుచీర కట్టుకున్నానని వేరే చెప్పాలా.

నా పక్క కుర్చీలో బురఖా తల మీది నుంచి వెనక్కి తోసుకున్న ఒక ముస్లిం ఆమె కూర్చుంది. యాభై ఉంటాయి. మీటింగుకని లారీలో తీసుకొచ్చిన వాళ్ళలో ఒకతె. నిద్ర ఆపుకుంటూ ఆకువక్క నములుతోంది.

అన్న లేచి ఆ మాట అన్నాడు. జనం ఈలలు, కేకలు. పక్కనామె నమలడం ఆపింది.

అన్న మైకు వదల్లేదు. "ఈ మాట ఆ తెల్లాయనది కాదు, నాది కూడా కాదు. మా నాయనది. మా నాయన ఎవురింటికి పోయినా, ఆ ఇంటాయప్ప అన్నం తింటాంటే లెయ్యనియ్యడు. కూచోబెట్టి ఈ మాటే అంటాడు. మర్యాద అంటే మా నాయన కాడ నేర్చుకోవాల. నాయనా, నువ్వే చెప్పు."

నాయన చెయ్యి అడ్డంగా ఊపాడు. కిందికి చూశాడు. పెద్దాయన సిగ్గుపడుతున్నాడు అనుకున్నాను. రెడ్డి కొడుకు "చెప్పు సాలోమోనా, జనాలు అడుగుతాండారు" అన్నాడు. ఆ ఇంటివాళ్ళు చెప్పమంటే మా నాయన ఎప్పుడు కాదన్నాడు గనక? మైకు అందుకున్నాడు.

"తినప్పా, నిదానంగా తిను..."

పక్కనామె నా మణికట్టు పట్టుకుంది. గాజులు నొక్కుకుని నొప్పి పుట్టింది.

"ఎవురమ్మా ఆ పెద్దాయప్ప?"

"మా నాయన!" అన్నాను. ఎంత గర్వంగా అన్నానో. "సాలోమోను అని పేరు. జమ్మలమడుగులో మా ఇల్లు. నేను ఆడే బడిలో టీచర్ని, సంతోషమ్మ అంటే ఎవురైనా చెప్తారు." అడగని అడ్రసు కూడా నేనే ఇచ్చాను.

ఆమె నా చెయ్యి వదిలేసింది. లేచి, అందరికీ పంచుతున్న పులిహోర పొట్లం కూడా తీసుకోకుండా జనంలోంచి వెళ్ళిపోయింది.

మరుసటి రోజు మధ్యాహ్నం అన్నం గంట కొట్టేసరికి ఆమె మా బడి వసారాలో కూర్చుని ఉంది. ఒక్కతే బస్సెక్కి వచ్చింది. తన పేరు జానీబీ అని చెప్పింది. ప్రొద్దుటూరులో పెళ్ళి వంటలకు పోతుందట. కూతురు సాజిదా మిషను కుడుతుందట. నీళ్ళిస్తే తాగలేదు.

"మాది చాపాడు పక్క పల్లె అమ్మా. నా మొగుడు మక్బూలు. పద్దెనిమిదేండ్ల కిందట ఓట్లకు అవతలోల్ల తరపున ఏజెంటుగా కూచున్యాడు. కూచోవద్దని చెప్పి పంపినారు. ఇనలేదు. ఓట్లయిపోయినంక ఒక పొద్దు, పగటి అన్నం యాళకు ఇద్దరొచ్చినారు. మొగాలకు తుండుగుడ్డలు. ఒకడు వాకిట్లో నిలబన్యాడు. ఇంగొకడు లోపలికొచ్చి మంచం మింద కూచున్యాడు. నా మొగుడు లెయ్యబోతే కూచోమన్యాడు. కూచోమని, నిన్న మీ నాయన చెప్పిన మాట చెప్పినాడు. పిల్లోల్ల సెల్లుల్లో ఆ మాట ఇన్నప్పుడల్లా ఉలిక్కిపడతాంటి, ఎవురి మాటో నిన్నే తెలిసింది."

ఆమె తాగని నీళ్ళ గ్లాసు తీసి పక్కన పెట్టాను.

"వదినా ఇంకో గరిటె ఎయ్యి అన్యాడు. నేను ఏసినా. నా చేత్తో నేనే ఏసినా అమ్మా. బయమో ఏందో, చెయ్యి దానంతటదే ఏసింది. ఆయప్ప తిన్యాడు. చెయ్యి కడుక్కున్యాడు. వాల్లెంబడి పోయినాడు. పోయొస్తా అని కూడా అనలేదు."

అంతే, మళ్ళీ కనపడలేదు. శవమూ కనపడలేదు. మొహాలు చూడలేదు కాబట్టి కేసు నిలవలేదు. ఆమె మెడలో నల్లపూసలు అట్లాగే ఉన్నాయి.

"సచ్చినాడని ఎవురూ చెప్పలేదు గదా, యాడ తీస్తా? పండగలకు సచ్చిపోయిన పెద్దలకు ఫాతిహా ఇస్తారు, ఆయప్పకు ఇద్దామంటే బతికుండేటోనికి ఇచ్చినట్లయితాదేమోనని బయం. వాకిట్లో చెప్పుల సప్పుడైతే ఇప్పటికీ తలెత్తి సూస్తా." ఆమె ఏడవడం లేదు. ఎన్నోసార్లు లోపల చెప్పుకున్న మాటల్లా వరసగా వస్తున్నాయి. "మీ నాయన్ని నేనేమీ అననమ్మా. ఒక్క మాట పట్టుకోని ఏ కోర్టుకు పోతా నేను? యాడ పెట్టినారో చెప్పమను. సచ్చినాడని ఆ నోటితో ఒక్కసారి అనమను. అంతే నాకు గావాల్సింది."

మా నాయన అట్లాంటోడు కాదు అనే మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఎట్లాంటివాడో నాకు తెలిస్తే కదా అనడానికి. ఆమెను బస్సెక్కించి బడికి తిరిగొచ్చాను. పిల్లలకు సాయంత్రం పాఠం ఏం చెప్పానో నాకు తెలియదు.

ఇంటికి వెళ్ళేసరికి అన్న పెరట్లో ఉప్పునీళ్ళు పుక్కిలిస్తున్నాడు. మర్నాడు పులివెందులలో ఇంకో సన్మానం ఉంది. జానీబీ చెప్పిందంతా చెప్పాను. చెంబు అట్లాగే పట్టుకుని బండ మీద కూలబడ్డాడు.

"నేను దాన్ని కామెడీ జేసినా గదమ్మే" అన్నాడు. చాలాసేపు అదొక్కటే అన్నాడు.

ఇద్దరం లోపలికి వెళ్ళాం. నాయన కళ్ళజోడు పెట్టుకుని ఆదివారం చదవాల్సిన వాక్యాలు చూసుకుంటున్నాడు. అన్నకు డొంకతిరుగుడు రాదు.

"నాయనా, మక్బూలును యాడ పెట్టినారు?"

మక్బూలు ఎవరు అని నాయన అడుగుతాడని నేను ఎంత ఆశపడ్డానో ఆ దేవుడికే తెలుసు. ఆయన అన్న వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"ఎవురు చెప్పినారు?" అన్నాడు.

ఆ ప్రశ్నతో అంతా తేలిపోయింది. గోడ పట్టుకుని నిలబడ్డాను.

"రాజీ అయిపాయె" అన్నాడు నాయన. "రెడ్లు రెడ్లు చేతులు గలిపినారు. ఇప్పుడదంతా తవ్వుతారా ఎవురన్నా?"

"జానీబీ తోటి రాజీ ఎవురు చేసినారు నాయనా?" అన్నాను. ఆయన ముందు అంత గొంతు లేపడం నా జన్మలో అదే మొదలు.

దానికి ఆయన చెప్పిన జవాబు నేను ఎవరితోనూ అనలేకపోయాను.

"అన్నం ముందరి నుంచి మనిషిని లేపలా నేను. అదొకటి సూడండి. ఇంగొకడైతే ఈడ్సకపోయుంటాడు. కడుపునిండా తిననిచ్చి తీసకపోయినా."

సాకుగా అనలేదు. గొప్పగా అన్నాడు. అన్నేళ్ళుగా ఆ ఒక్కటీ తన మంచితనం కింద దాచుకున్నట్టున్నాడు. మేం చిన్నప్పటి నుంచి మా నాయన ఎంత మర్యాదస్తుడో అని అనుకరించి, నవ్వుకుని, ఊరంతా పంచిపెట్టింది దీన్ని.

"ఎన్ని ఇండ్లల్లో అన్యావు నాయనా ఆ మాట?" అన్నాడు అన్న.

నాయన కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకుని, "పెన్నలో పెట్టినాం. ఇసకలో. ఆ యేడే ఏరు పారింది. ఇంగ యాడుంటాడు వాడు" అన్నాడు.

"వచ్చి ఆమెకు ఆ మాట చెప్పు. ఇంగేమీ అడగలేదామె" అన్నాను.

"రెడ్డి అబ్బాయి ఎలెచ్చన్లు పెట్టుకోని యాడొస్తా? నేను రాను." బైబిలు మూసి, "ఆమె మొగం నేను సూడలేను" అన్నాడు. మొదట వచ్చింది ఎన్నికల మాట. మొహం మాట తర్వాత వచ్చింది. ఈ వరస నేను మరిచిపోలేను.

మర్నాడు పులివెందుల నుంచి జీపు వచ్చింది. తండ్రీ కొడుకులు ఒకే జీపులో, మాటల్లేకుండా వెళ్ళారు. నేను వెళ్ళలేదు. అక్కడ జరిగింది అన్న తర్వాత చెప్పాడు. జనం "తిను, తిను" అని అరిచారట. అన్న మైకు ముందు నిలబడి గొంతు పోయిందని చేత్తో సైగ చేశాడు. వెనక నుంచి ఎవరో "తెల్లోనికి జలుబు జేసిందిరో" అని అరిస్తే అందరూ నవ్వారు. రెడ్డి కొడుకు మొహం మాడ్చుకుని, "ఐతే సాలోమోనే చెప్తాడులే" అని మైకు నాయన చేతికిచ్చాడు.

నాయన చెప్పాడు. ముందురోజు సాయంత్రం మా ముందు కూర్చుని అంతా ఒప్పుకున్న మనిషి, మైకు పట్టుకుని ఆ మాట మొత్తం, గరిటె దగ్గర్నుంచి పాపం దాకా, పొల్లుపోకుండా చెప్పాడు. ఈలలు పడ్డాయట.

అన్న వేదిక దిగి, శాలువా కుర్చీ మీద పడేసి, బస్సెక్కి వచ్చేశాడు. మరుసటి రోజు ఇద్దరం ప్రొద్దుటూరు బయల్దేరాం. బస్సులో ఉండగా ఇన్‌చార్జి ఫోన్ చేశాడు, సినిమాకు ఎప్పుడొస్తున్నావని. "వేరే ఎవురితోనైనా చెప్పించుకోండి సార్" అన్నాడు అన్న. ఆ మాట మాత్రం సొంత యాసలోనే అన్నాడు. పెల్కీకి జన్మకో మంచి వేషం వచ్చింది, దానికి మా వాడి గొంతు దక్కలేదు. ఫోన్ పెట్టేశాక, "బిడ్డను ఎతుక్కునేటోని ఏడుపు నేను యాడేడుస్తామ్మే, ఏ మొగం పెట్టుకోని?" అన్నాడు.

జానీబీ ఇల్లు సందులో లోపలికి ఉంది. తలుపుకు పూల కర్టెను. సాజిదా మిషను ఆపి చాప వేసింది. అన్న చాప మీద కాకుండా నేల మీద కూర్చున్నాడు. జానీబీ ఎదురుగా, కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. అన్న మొహంకేసి చాలాసేపు చూసింది. అందులో మా నాయన పోలిక వెతుకుతోందని నాకర్థమై తల దించుకున్నాను.

"అమ్మా, మా నాయన రాలేదు" అన్నాడు అన్న. "రానన్యాడు. జరిగింది మాకు చెప్పినాడు. వాల్లు మక్బూలును..."

"వాల్లు అనొద్దు" అంది జానీబీ.

అన్న ఆగాడు.

"మీ నాయన రాడని నాకు తెలుసు నాయనా. వచ్చేటోడైతే ఇన్నేండ్లు పడతాదా? నువ్వు ఆ తెల్లోనికి గొంతిస్తావంట గదా. వాని నోరు కదిలితే నువ్వు మాట్లాడ్తావంట. మీ నాయనకు ఇయ్యి. ఆ గొంతే నాకు కావాల. వాల్లు అనొద్దు, నేను అను." అని కళ్ళు మూసుకుంది.

అన్న నా వైపు చూశాడు. వద్దు అనడానికి నాకేం హక్కుంది, సరే అనడానికి మాత్రం ఏం హక్కుంది. ఎన్నో ఏళ్ళుగా ఎవడో తెల్లవాడి నోట్లో పెట్టిన మాటలన్నీ వాడికి నోటికొచ్చు. ఇది రావడం లేదు. గొంతు సవరించుకున్నాడు. మళ్ళీ సవరించుకున్నాడు. చెమటతో చొక్కా వీపుకు అతుక్కుపోయింది. సాజిదా కుట్టుమిషను పక్కన నిలబడి, బట్టముక్క వేళ్ళకు చుట్టుకుంటూ ఉంది. తండ్రి ఎట్లా ఉంటాడో ఆ పిల్లకు గుర్తుండే వయసు కాదు అప్పుడు.

"నేను సాలోమోనును" అన్నాడు చివరికి.

 కళ్ళు మూసుకుని వింటే మా నాయనే.

"మక్బూలును నేనే తీసకపోయినా. నీ ఇంట్లో, నీ చేతి అన్నం తింటాండంగా కూచోని, తీసకపోయినా. సంపినా. పెన్నలో ఇసక తీసి పెట్టినా. ఆ యేడు ఏరొచ్చి తీసకపోయింది, ఇప్పుడాడ ఏమీ లేదు. నీకు సూపించేదానికి కూడా ఏమీ మిగల్చలేదు నేను." వాడి గొంతు వణికింది. నాయన గొంతు ఎప్పుడూ వణకదు. "సచ్చిపోయినాడు జానీబీ. మక్బూలు సచ్చిపోయినాడు. నేనే సంపినా."

జానీబీ కళ్ళు తెరవలేదు. పెదాలు మాత్రం కదిలాయి. "ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్" అంది. చావు కబురు చెవిన పడగానే వాళ్ళు అనే మాట అది. అప్పుడే విన్నట్టుగా అంది. రెండు చేతులూ మెడ వెనక్కి పోనిచ్చి నల్లపూసల కొక్కెం తీయబోయింది. రాలేదు. సాజిదా వచ్చి తీసింది. అప్పుడు ఏడ్చింది ఆమె. ఆ ఇంట్లో ఎప్పుడో ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చింది. తల్లినీ కూతుర్నీ చూస్తూ మేమిద్దరం దొంగల్లా కూర్చుని ఉన్నాం.

కాస్త తేరుకున్నాక, కొంగు మొహానికి అడ్డం లాక్కుని, అన్నతో అంది.

"ఇంగ లెయ్యి నాయనా. మొగుడు సచ్చినోల్లు పరాయి మొగోల్ల ముందర కూచోగూడదు. ఇద్దత్తులో ఉండాల."

సాజిదా మెల్లగా, "అమ్మీ, ఆ నాలుగు నెలల పది దినాలు చనిపోయిన పొద్దు నుంచి లెక్కంట. నీకెప్పుడో అయిపోయింది, మసీదు హజరతునడిగినా ఇదే చెప్తాడు" అంది.

"హజరతుకు ఎప్పుడు సచ్చినాడో నాకు తెలీదు బేటీ. నాకు ఈపొద్దే సచ్చినాడు."

అన్న లేచాడు. వంగి గుమ్మానికి దండం పెట్టి బయటికి వెళ్ళాడు. సాజిదా వెనకనే తలుపు దగ్గరగా వేసింది. నేనూ లేచాను. జానీబీ నా చీర కుచ్చెళ్ళు పట్టుకుంది.

"నువ్వు ఆడమనిషివి. నువ్వు ఉండొచ్చు" అంది. చావింట్లో పక్కన కూర్చోవడానికి ఆమెకు ఎవరో ఒకరు కావాలి. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంటికి ఎవరూ పరామర్శకు రాలేదు. చచ్చాడని తెలియని చోటికి ఎవరొస్తారు? ఇప్పుడు వచ్చిన మొదటి మనిషిని నేను. సాలోమోను కూతుర్ని.

కూర్చోవాలనే ఉంది నాకు. నాకు మొహం చెల్లలేదు. ఆమె వేళ్ళ నుంచి నా చీర మెల్లగా విడిపించుకుని బయటికి వచ్చేశాను.